పట్టూ విడుపూ

గ్లైడరుకి ఇంజను ఉండదు. ఒక చిన్న విమానం తోకకి సుమారు 200 అడుగుల తాడు తగిలించి, ఆ తాడు చివర గ్లైడరుని కట్టి పైకి లాక్కుపోతారు. రెండువేల అడుగులో మూడువేలో ఎక్కాక గ్లైడరువాడు తాడు వదిలి తన దారిన తాను తేలుతాడు. పన్నులూ పచ్చళ్ళూ పిల్లల చదువులూ నిండే మన పత్రికలో ఈ గొడవ ఎందుకంటే, అంతా మా అక్కయ్యగారబ్బాయి పుణ్యం. వాడికి 14 ఏళ్ళు నిండాయి. మా న్యూయార్క్ రాష్ట్రంలో కారు నేర్చుకోవటానికి 16 రావాలి గాని, గ్లైడరుని ఒంటరిగా నడపటానికి 14 చాలట!

"మీరిద్దరూ డాక్టర్లు. వెళ్ళి చూసి రండి. మీరు సరేనంటే సంతకం పెడతాను" అంది అక్కయ్య. గుంటూరు మెడికల్ కాలేజీలో మాకు విమానాలు చెప్పలేదని అన్నా వినలేదు.

ఎల్మైరా దగ్గరికి వెళ్ళాం. 1930లో అమెరికా మొదటి జాతీయ గ్లైడరు పోటీలు జరిగిన ఊరది. మేమడిగిన మొదటి ప్రశ్న, తాడు దానంతటదే మధ్యలో ఊడితే ఎలాగని. లాగుడు విమానం నడిపే పెద్దాయన మారు మాట్లాడకుండా మమ్మల్ని తోక దగ్గర కూర్చోబెట్టి కొక్కెం చూపించాడు. తాడు చివరి రింగు ఆ కొక్కేనికి పడుతుంది. దాన్ని మూసి పట్టే మీట ఒకటి, ఆ మీట నుంచి పైలట్ సీటు పక్కదాకా ఒక తీగ. కొక్కెం అదరకుండా మధ్యలో చిన్న రబ్బరు ముక్క. ఆ రబ్బరు అరిగినా, తీగ మరీ బిగుతుగా ఉన్నా, సీటు పక్క పిడికి కోటు పట్టీ తగులుకున్నా తాడు జారిపోవచ్చు. అందుకే రోజూ మొదటి ఎగురుడుకి ముందే తాడుని గట్టిగా లాగి పట్టుకుని, కొక్కెం నిలుస్తుందో లేదో, మీట నొక్కితే వదులుతుందో లేదో రెండూ చూస్తారు.

అయితే ఊడకుండా ఇంకా గట్టిగా బిగించవచ్చుగా అన్నాం. పెద్దాయన నవ్వలేదు. గ్లైడరు ఒక్కసారిగా మరీ పైకి లేస్తే లాగుడు విమానం తోకని ఎత్తేస్తుంది, ముక్కు నేలకి తిరుగుతుంది. అప్పుడు ఆయన చేతిలో ఉండేవి కొద్ది సెకన్లు. పాతరకం ష్వైజర్ కొక్కెం పైకి లాగే బరువుకి బిగుసుకుపోయి వదలకపోవచ్చు. అందుకని కొందరు దాన్ని తలకిందులుగా బిగిస్తారు, కొందరు జర్మనీ టోస్ట్ కొక్కేనికి మారారు. తాడు గట్టితనానికీ హద్దుంది: గ్లైడరు గరిష్ఠ బరువులో 80 శాతానికి తగ్గకూడదు, ఊరికే 200 శాతం దాటకూడదు. 1040 పౌండ్ల ష్వైజర్ 2-33కి 832 నుంచి 2080 అన్నమాట.

ఇది మాకు బాగా ఎరికైన సంగతే. ఐ.సి.యు.లో శ్వాసగొట్టానికి వేసే టేపు జారకూడదు, అవసరమైన క్షణంలో మొండికేయనూ కూడదు. నర్సులు పూటపూటా దాన్ని తడిమి చూస్తూనే ఉంటారు. ఇక్కడ ఆ పని ఆయిల్ మరకల చేతులతో చేస్తున్నారు, అంతే.

ఎత్తు 200 అడుగులు దాటగానే గ్లైడరు పైలట్ ఆ సంఖ్యని పైకి అనాలని నేర్పుతారు. అంతకు ముందు తాడు పోతే వెనక్కి తిరగకుండా ఎదురుగా కనిపించిన చోట దిగటమే. కొక్కెం లాగుడు విమానం వైపు వదిలితే తాడంతా గ్లైడరుకే వేలాడుతుంది. దాన్ని వెంటనే తనూ వదిలేయకపోతే దిగేటప్పుడు కంచెకో చెట్టుకో చిక్కుకుంటుంది.

ఇదంతా చెప్పి, మాకు సమ్మతమే అన్నాం. "మీ పిల్లాడైతే పంపుతారా?" అంది అక్కయ్య. దానికి జవాబు చెప్పటానికి మాకింకో రెండు ఆదివారాలూ రెండు ప్రయాణాలూ పట్టాయి. పంపుతామనే చెప్పాం. అక్కయ్య సంతకం పెట్టింది గాని, పదిరోజులు మాతో ముక్తసరిగానే మాట్లాడింది.

వాడింకా ఒంటరిగా ఎగరలేదు. ఈ వేసవంతా గడ్డిమీద పరుగులు తీస్తూ తాళ్ళు తగిలిస్తున్నాడు. పోయిన ఆదివారం అరిగిన రింగు ఒకటి కనిపెట్టి, పెద్దాయన చేత దాన్ని పక్కన పడేయించాడట.