గ్రహణమును దాహమును

2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము గలిగెను. అప్పుడు మా తోడికోడలు ఏడు మాసముల గర్భవతి. రాహువు చంద్రుని మ్రింగువేళ గర్భిణి కదలరాదనియు, మంచినీళ్లైనను ముట్టరాదనియు అత్తగారు శాసించిరి. పదునొకండు గంటలకు ఆమె నాలుక యెండి దీనముగా మావంక జూచెను.

భూమి నీడ చంద్రునిపై బడుటయే గ్రహణమని మావారు బడిలో బోధింతురు. ఇది పరదేశపు మాట గాదు. 499వ సంవత్సరమున రచింపబడిన ఆర్యభటీయమున ఆర్యభటుడు ఈ నీడనే చెప్పెను. బృహత్సంహితయందు వరాహమిహిరుడును రాహువు కారణము గాదనెను. తండ్రిగారియొద్ద మేమీ సంగతులు నేర్చియుంటిమి.

“అత్తయ్యగారూ! మీరు నమ్మిన పంచాంగము గ్రహణకాలమును గణితముచేతనే గదా చెప్పినది! స్నానజపములు మనము విడువము. దప్పిగొన్నవారికి నీరొసగుటయు ధర్మమే గదా?” యని మనవి చేసితిమి. వారు కొంతసేపు మిన్నకుండి, తుదకు తామే చెంబు తెచ్చి యిచ్చిరి.

కార్తికమున ఆమెకు ఆరోగ్యవంతుడగు శిశువు గలిగెను. దానిని మేము సాక్ష్యముగా జూపము. ఒక యింటి యనుభవము శాస్త్రము గాజాలదు. పరీక్షకు నిలుచునదే సత్యము. భక్తి దానికి వెఱవనక్కఱలేదు. వెఱచునది మనలోని భయమే. ఆ రాత్రి అత్తగారి జపము ఆగలేదు, మా తోడికోడలి దాహమును దీరెను.