సామెత యెవరితో చెప్పుచున్నాము?

మా గ్రామము చోడవరమునకు సమీపమున నున్నది. ఈ ప్రాంతము 2022 ఏప్రిలు నెలలో విశాఖపట్టణము జిల్లానుండి విడిపోయి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మాఱెను గాని మా యిండ్లలోని సామెతలు మాఱలేదు. 1868లోనే కార్ అను దొర తెలుగు సామెతలను సేకరించి ‘ఆంధ్రలోకోక్తిచంద్రిక’ యను గ్రంథమును ప్రకటించెను. గ్రంథమువలన సామెతకు అర్థము తెలియును. మన యింట దానిని ఎవరు ఎవరితో చెప్పుచున్నారో తెలియదు. అది మనమే కనిపెట్టుకొనవలెను.

నాకు ఎనిమిదేండ్లప్పుడు, 1957లో, మా చెఱకుతోటకు ఎఱ్ఱకుళ్ళు తెగులు తగిలెను. గడను నిలువున చీల్చిన లోపల ఎఱుపు, నడుమనడుమ అడ్డముగ తెల్లని మచ్చలు, పులిసిన వాసన. పంట పోయెను. అయినను మా మామ్మ దానిని నుదుటి వ్రాత యనలేదు. “కృషితో నాస్తి దుర్భిక్షం” అని తాతగారికి ధైర్యము చెప్పెను. ఆయన తెగులు దుబ్బులను పెఱికి కాల్పించి, ఆ మడిలో వరి వేయించి, మఱుసటి యేడు మంచి ముచ్చెలు తెచ్చి వేఱొక చోట నాటించెను.

ఆ యేడే మా మేనత్త అయిదవ తరగతి ముగించెను. పై చదువునకు చోడవరము పంపుమని ఏడ్చెను. అదే మామ్మ, అదే నోటితో, “నుదుట ఎంత రాసుంటే అంతేనమ్మా” అని పుస్తకములను అటకపై పెట్టించెను. నుదుటి వ్రాతను నమ్మించి చేతివ్రాతను మాన్పించిరి. తరువాత మా అత్త తన జీవితకాలమంతయు సరుకులు కట్టి తెచ్చిన కాగితపు ముక్కనైనను చదువక పాఱవేసెడిది కాదు.

ఈ సంగతి తలచుకొని మామ్మను చాలకాలము నిందించితిని. నిరుడు నా మనుమరాలు ఒక ప్రవేశపరీక్షలో తప్పెను. నేను జాలితోనే, “ప్రాప్తం లేదమ్మా, బాధపడకు” అంటిని. ఆ పిల్ల కొంతసేపూరకుండి, “అన్నయ్య తప్పినప్పుడు కృషితో నాస్తి దుర్భిక్షం అని మళ్ళీ ఫీజు కట్టారు కదా తాతయ్యా! నాకెందుకు వేరే సామెత?” అని యడిగెను. నాకు బదులు దొరకలేదు.

సామెతలను విడిచిపెట్టుడని నేను చెప్పను. చేయవలసినదంతయు చేసి, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ‘విధి’ యను మాట ఊఱట కావచ్చును. ప్రయత్నము ముగిసినచోట అది ఓదార్పు. ప్రయత్నమునకు ముందు చెప్పిన అది సంకెల. మగవానికి కృషి, ఆడదానికి వ్రాత యని మనము పంచిపెట్టినది దైవము చేసిన విభాగము కాదు. ఎఱ్ఱకుళ్ళు ముచ్చెవెంట ఒక తోటనుండి వేఱొక తోటకు పోవును. ఈ విభాగము మామ్మ నోటినుండి నా నోటికి అట్లే వచ్చినది. నాటకముందు ముచ్చెను కోసి చూచు రైతు, బిడ్డతో పలుకకముందు తన మాటనేల పరీక్షింపరాదు?

మనుమరాలికి మరల రుసుము కట్టితిని. ఫలిత మింకను తెలియలేదు. అది యెట్లు వచ్చినను, ఆ మాట ఆమెతో నిక ననను.