డయలు దీపం

పాత రేడియోను మళ్లీ పలికించాలని పూనుకొన్నవారు ముందుగా వాల్వులను గురించి, కండెన్సర్లను గురించి ఆలోచిస్తారు. డయలు వెనుక ఉండే చిన్న బల్బు సాధారణంగా వారి లెక్కలోకి రాదు. అంగడిలో దొరికిన టార్చిలైటు బల్బును బిగిస్తే పని ముగిసినట్లే భావిస్తారు. కాని కాలిపోయిన బల్బును మార్చవచ్చు. వేడికి చెడిపోయిన డయలును మార్చడం సులభం కాదు. అటువంటి అద్దం ఇప్పుడు దొరకడం కష్టం.

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. విజయవాడ కేంద్రం 1948లోను, కడప కేంద్రం 1963లోను వచ్చాయి. కరెంటు తీగలు చేరని పల్లెలకు ఈ కేంద్రాల మాటలను, పాటలను బ్యాటరీ రేడియోలే మోసుకొచ్చాయి. తపాలా కార్యాలయంలో ఏటేటా లైసెన్సు రుసుము చెల్లించి రేడియో వినవలసిన కాలమది. ఇంటికి సెట్టు రావడం ఒక ఎత్తు, దాని బ్యాటరీని నెలల తరబడి కాపాడుకోవడం మరొక ఎత్తు.

ఆ పొదుపు ఎంత అవసరమో అంకెలే చెబుతాయి. డి.కె.96, డి.ఎఫ్.96, డి.ఎ.ఎఫ్.96, డి.ఎల్.96 అనే నాలుగు వాల్వుల ఫిలమెంట్లు కలిసి 1.4 వోల్టుల వద్ద 125 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకొంటాయి. అంటే ఒక వాట్‌లో ఆరోవంతు కంటే కొంచెం ఎక్కువ. కరెంటుతో నడిచే రేడియోలో వాడే 6.3 వోల్టుల, 0.3 ఆంపియరు బల్బుకు దాదాపు రెండు వాట్లు కావాలి. పాడే యంత్రం కంటే దాని ముఖాన్ని చూపే దీపమే ఎక్కువ తింటుందన్నమాట! అందుకే చాలా బ్యాటరీ సెట్లకు దీపమే ఉండదు. ఉన్నవాటిలో కొన్నింటికి, నొక్కినంతసేపే వెలిగే మీటను అమర్చారు.

ఐరాలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట అటువంటి సెట్టు ఉంది. అది ఆయన తండ్రిగారు కొన్నది. 90 వోల్టుల పాత బ్యాటరీ ఇప్పుడు దొరకదు గనుక, 9 వోల్టుల చిన్న బ్యాటరీలు పదింటిని వరుసగా కలిపి ఆయన దానిని నడుపుతున్నారు. మనుమడు చిత్తూరు నుండి 0.3 ఆంపియరు టార్చి బల్బు తెచ్చినప్పుడు ఆయన దానిని చేతిలోకి తీసుకొని, “అంత వెలుగు యాలరా? పేర్లు అగుపిస్తే చాలు” అన్నారు.

ఆ మాటలో శాస్త్రం ఉంది. బల్బును ఎన్నుకొనేటప్పుడు చూడవలసింది వెలుగు కాదు, ఆంపియర్లు. డయలు అద్దం వెనుకవైపు ముద్రించిన ఊళ్ల పేర్లు, వెనుకనున్న కాగితం, సెల్యులాయిడు పలక ఎడతెగని వేడికి పెళుసుబారి రాలిపోతాయి. ఇటువంటి సెట్లకు అమెరికా లెక్కలో 48, 49 సంఖ్యలు గల బల్బులు తగినవి. అవి 2 వోల్టులవి, 0.06 ఆంపియరే తీసుకొంటాయి. 48వది మరతో బిగుస్తుంది, 49వది నొక్కి తిప్పితే బిగుస్తుంది. హోల్డరును చూడకుండా కొంటే డబ్బు దండుగ. రెండు వోల్టుల బల్బును ఒకటిన్నర వోల్టు సెల్లుతో వెలిగిస్తే కాంతి కాస్త మందగిస్తుంది గాని, ఆయువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వోల్టేజి పదోవంతు తగ్గితేనే బల్బు ఆయువు మూడు రెట్లు దాటుతుంది.

ఎల్.ఇ.డి. పెట్టకూడదా అని మనుమడు అడిగాడు. పెట్టవచ్చు; వేడి అతి తక్కువ. అయితే తెల్లని ఎల్.ఇ.డి.కి మూడు వోల్టులు కావాలి గనుక ఒక్క సెల్లుతో అది వెలగదు. వోల్టేజిని పెంచే చిన్న సర్క్యూటును చేరిస్తే మీడియంవేవ్‌లో గరగర శబ్దం మొదలవుతుంది. మూడు సెల్లులను వేరుగా పెట్టి, నడుమ 150 ఓములో 220 ఓములో గల రెసిస్టరును కలపడమే మేలు. పసుపు ఛాయ గల ఎల్.ఇ.డి. అయితే పాత అద్దానికి నప్పుతుంది. నీలి తెలుపు ఆసుపత్రి వెలుగులా ఉంటుంది. ఏది పెట్టినా దీపం తీగను 90 వోల్టుల వైపు తగలనీయరాదు. ఆ తీగ ఫిలమెంటు వైపు తాకితే వాల్వులన్నీ ఒక్క క్షణంలో మాడిపోతాయి.

ఉపాధ్యాయులవారు చివరకు 48వ సంఖ్య బల్బునే తెప్పించుకొన్నారు. మీట నొక్కి ముల్లు ఎక్కడుందో చూసుకొంటారు. స్టేషను దొరకగానే మీట వదిలి చీకటిలోనే వింటారు.