తూటా మీది సంతకం

బ్యాంకు ఉద్యోగికి తుపాకీతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఉంది. మా బ్రాంచి గుమ్మం దగ్గర కూర్చునే గన్‌మన్ చేతిలోని పన్నెండు బోర్ జోడు గొట్టాల తుపాకీకి లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో, అతని దగ్గర తూటాలెన్నో చూసి రిజిస్టరులో సంతకం పెట్టవలసింది మేనేజరే. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు. బ్యాంకు తుపాకీకి మినహాయింపు ఇమ్మని కన్నడంలో అర్జీ పెట్టుకోవాలి. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో, బళ్ళారి జిల్లాలోనే నాలుగు బ్రాంచీలు తిరిగాను. ఒక్క తుపాకీ పేలగా వినలేదు. తుపాకీ అంటే నాకు లెక్క తప్పకూడని ఒక వస్తువు, అంతే.

మా అక్క కొడుకు చికాగోలో ఎమ్మెస్ చదవడానికి వెళ్ళాక ఆ సంగతి మారింది. అమెరికాలో పెట్రోలు బంకులోనో చిన్న దుకాణంలోనో పార్ట్ టైం పనిచేస్తున్న తెలుగు పిల్లవాణ్ణి కాల్చారని టీవీలో వస్తే చాలు, అక్క ఫోను చేస్తుంది. ఒకసారి అడిగింది: "అంత పెద్ద దేశం గదప్పా. కాల్చినోడెవడో మిషన్లు చెప్పలేవా?"

చెప్పలేవా అంటే, కొంతవరకు చెప్పగలవు. ఆ విద్య మా వృత్తికి దూరమైందేమీ కాదు. చెక్కు వస్తే కౌంటరులో ఉన్నవాడు నమూనా సంతకం కార్డు పక్కన పెట్టి చూస్తాడు. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే అయితే మాకు అనుమానం వస్తుంది, ఎందుకంటే ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం చెయ్యడు. చూసేది ఒరవడి. తుపాకీకీ అటువంటి ఒరవడి ఉంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు బుల్లెట్టు మీద గీతలు గీస్తాయి. తూటా అడుగున పిన్ను కొట్టిన చోట గుంట పడుతుంది. మా గన్‌మన్ తుపాకీ గొట్టం నునుపు కాబట్టి అందులోంచి పోయే సీసపు గుండ్ల మీద గాడుల గీతలు పడవు. కానీ ఖాళీ తూటా అడుగున పిన్ను గుర్తు మాత్రం పడుతుంది. 1920లలో అమెరికాలో రెండు మైక్రోస్కోపులను కలిపి, ఒకే కంటితో ఒక తూటాలో సగం, రెండో తూటాలో సగం పక్కపక్కన చూసే పరికరం తయారు చేశారు. అదే వాళ్ళ నమూనా సంతకం కార్డు.

ఆ పరికరానికి పేరు వచ్చింది కూడా చికాగోలోనే. 1929 ఫిబ్రవరి 14న నార్త్ క్లార్క్ వీధిలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడవైపు తిప్పి నిలబెట్టి కాల్చారు. వచ్చిన వాళ్ళలో ఇద్దరు పోలీసు యూనిఫారంలో ఉన్నారు. చేసింది పోలీసులేనని జనం అనుకున్నారు. అప్పటి చికాగో పోలీసుల మీద ఎవరికీ మంచి అభిప్రాయం లేదు మరి. న్యూయార్కు నుంచి కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన నేల మీద దొరికిన 70 ఖాళీ తూటాలు చూసి, ఇవి రెండు థామ్సన్ మెషిన్ గన్నులవి అన్నాడు. పోలీసుల థామ్సన్ గన్నులను తెప్పించి, కాల్చి, పోల్చి, వీటిలో ఏదీ కాదని తేల్చాడు. యంత్రం దొంగను పట్టుకునే ముందు పోలీసుల మీది అనుమానాన్ని తుడిచింది. (ఆయనకు ప్రయోగశాల పెట్టుకోవడానికి డబ్బిచ్చింది ఆ విచారణ జ్యూరీలో కూర్చున్న వ్యాపారులు. వ్యాపారస్తుల్ని మంచికి తలచుకునే సందర్భాలు తక్కువ కనుక చెబుతున్నాను.)

ఆ ఏడాది డిసెంబరులో మిషిగన్‌లో ఒక పోలీసును చంపి పారిపోయిన ఫ్రెడ్ బర్క్ అనేవాడి ఇంట్లో రెండు థామ్సన్ గన్నులు దొరికాయి. గొడార్డ్ పోల్చాడు. గ్యారేజీలో పేలినవి అవే. అంతవరకు యంత్రం పని నూటికి నూరు పాళ్ళు జరిగింది. తర్వాత? బర్క్‌కు మిషిగన్ పోలీసు హత్యకు శిక్ష పడింది, 1940లో జైల్లోనే పోయాడు. గ్యారేజీ హత్యలకు మాత్రం ఈనాటి వరకూ ఎవరికీ శిక్ష పడలేదు. కాల్పులు జరిగినప్పుడు ఒకడు కొన ఊపిరితో ఉన్నాడు, పేరు ఫ్రాంక్ గుసెన్‌బర్గ్. ఒంటినిండా గాయాలు. ఆసుపత్రిలో పోలీసులు ఎంత అడిగినా తనను ఎవరూ కాల్చలేదన్నాడట. మూడు గంటల్లో పోయాడు.

తుపాకీ ఏదో చెప్పేది యంత్రం. అది ఎవరి చేతిలో ఉందో చెప్పేది మనిషి. ఆ మనిషి నోరు విప్పకపోతే ఏమవుతుందో మన దేశంలోనూ చూశాం. 1999లో ఢిల్లీలో జెస్సికా లాల్ హత్య నిండిన పార్టీలో జరిగింది. తుపాకీ దొరకలేదు, రెండు ఖాళీ తూటాలూ ఒక తుపాకీవేనా కాదా అని నిపుణుల నివేదికల మీద వాదన నడిచింది, సాక్షులు ఒకరి తర్వాత ఒకరు మాట మార్చారు. 2006 ఫిబ్రవరిలో అందరూ విడుదల. జనం గోల పెట్టాక అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు శిక్ష వేసింది.

ఇప్పుడు అమెరికాలో ఖాళీ తూటాల బొమ్మలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, ఒక ఊరి తూటాను ఇంకో ఊరి తూటాతో పోల్చే జాతీయ వ్యవస్థ ఉంది. దాని పేరు నిబిన్. కంప్యూటరు పోలికలు చూపిస్తుంది, చివరి మాట మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషిదే. చికాగోలో స్తంభాల మీద మైకులు పెట్టి తుపాకీ శబ్దం విని పోలీసులకు చెప్పే షాట్‌స్పాటర్ అనే ఏర్పాటు కూడా ఉండేది. 2020 జనవరి నుంచి 2021 మే వరకు అది ఇచ్చిన 50,176 హెచ్చరికల్లో తుపాకీ నేరానికి ఆధారం దొరికినవి 9.1 శాతమేనని ఆ నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క తేల్చారు. 2024 సెప్టెంబరులో దాన్ని ఆపేశారు. ఆపడం తప్పని అక్కడే వాదించేవాళ్ళూ ఉన్నారు. కానీ మైకు పోలీసును వీధిలోకి తెస్తుంది గాని తలుపులు తెరిపించలేదు. 2014 అక్టోబరులో అక్కడి పోలీసు ఒకడు లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి పదహారుసార్లు కాల్చాడు. కుర్రవాడు కత్తితో మీదికి వచ్చాడన్నారు. కోర్టు ఆజ్ఞతో పదమూడు నెలలకు వీడియో బయటికొస్తే, అతను పక్కకు తప్పుకుని నడుస్తున్నాడు. అది చూసిన వీధి పోలీసుకు సాక్ష్యం ఎందుకు చెబుతుంది?

బోస్టన్ నగరం ఇంకో దారి పట్టింది. 1996లో పోలీసులు, చర్చి పాస్టర్లు, సంక్షేమ సిబ్బంది కలిసి, గొడవల్లో ఉన్న కుర్రాళ్ళను పిలిచి కూర్చోబెట్టి చెప్పారు: కాల్పులు జరిగితే మీ గుంపంతటి మీదా పడతాం, మానేస్తే చదువుకీ పనికీ సాయం చేస్తాం. పట్టుబడిన తుపాకులు ఎక్కణ్ణించి వచ్చాయో కూపీ లాగడమూ పక్కనే సాగింది. యువకుల హత్యలు నెలవారీ సగటున 63 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్క కట్టారు. అందులో ఈ పనికి దక్కవలసిన వాటా ఎంతో అని వాదన ఉంది. 2000 తర్వాత ఆ ఏర్పాటు సడలింది, హత్యలు మళ్ళీ పెరిగాయి. నమ్మకం ఫిక్స్‌డ్ డిపాజిట్టు కాదు, వేసి మరిచిపోవడానికి.

ఇదంతా నేను చదివింది మేనల్లుడు చెప్పిన ఒక సంగతి వల్ల. వాడి గదిలో ఉండే అబ్బాయి, అనంతపురం వైపు వాడు, రాత్రిపూట ఒక దుకాణంలో పనిచేస్తాడు. ముసుగు వేసుకున్న ఇద్దరు వచ్చి నేల మీదికి ఒకసారి కాల్చి గల్లాపెట్టె ఊడ్చుకుపోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. యజమాని తలుపు మూసి, నేల తుడిపించాడు. ఖాళీ తూటా చెత్తబుట్టలోకి పోయింది. పోలీసులకు ఫోను చెయ్యలేదు. విద్యార్థి వీసా మీద వెళ్ళినవాళ్ళు అనుమతి లేకుండా కాలేజీ బయట పని చెయ్యకూడదు. ఫిర్యాదు ఇస్తే, నువ్వు అక్కడేం చేస్తున్నావని తననే అడుగుతారని ఆ పిల్లవాడి భయం. ఆ తూటా అంతకుముందు ఎవరి ఒంట్లోకైనా పేలిన తుపాకీదేమో. ఇక తెలియదు.

అక్కడ తీవ్ర నేరాల బాధితులు దర్యాప్తుకు సహకరిస్తే యు వీసా అని ఒకటి ఇచ్చేలా 2000లో చట్టం చేశారు. ఏడాదికి పదివేలు మించి ఇవ్వరు, వరుస ఏళ్ళ తరబడి. దానికోసం దొంగ దోపిడీలు ఆడించారని 2024లో చికాగోలోనే ఆరుగురి మీద కేసు పెట్టారు. ఫోర్జరీ చెక్కు ఒకటి దొరికిందంటే ఆ వారమంతా నిజమైన ఖాతాదారులు కౌంటరు ముందు నిలబడవలసి వస్తుంది. ఇదీ అంతే.

ఆ పిల్లవాణ్ణి పిరికివాడని నేననను. మా బ్రాంచికి వచ్చే తెలుగు కూలీలు, జేబు కొట్టేశారు సార్ అని నాతో చెబుతారుగాని స్టేషనుకు పొమ్మంటే పోరు. పుట్టింది బళ్ళారిలోనే, కన్నడం మాట్లాడగలరు. కానీ పోలీసు రాసిన కన్నడం చదివి కింద వేలిముద్ర వెయ్యడానికి భయం. తనేమన్నాడో, అక్కడేం రాశారో! చదివి వినిపించే మనిషి ఒకడు తోడుంటే పోతారు. ఇద్దరు ముగ్గురితో నేనే వెళ్ళాను. చదివి వినిపించమంటే ఆ రైటరు విసుక్కోలేదు కూడా.

మేనల్లుడికి అదే చెప్పాను. ముందు విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే వకీలు ఎవరైనా ఉంటే కలవండి, ఆయన్ని తోడు పెట్టుకుని స్టేషనుకు పోండి అని. "మామా, నువ్వైతే పోతావా?" అన్నాడు. పోతానన్నాను. వాళ్ళు వకీలుకు ఫోను చేశారట, వచ్చే మంగళవారం రమ్మన్నాడట. అక్కకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.