ఐదు వేల హిసాబు

మా డెస్క్‌టాప్‌కి పన్నెండేళ్లు. ఇంటెల్ నాలుగో జనరేషన్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. నేను వార్తలు రాసి పంపేదీ, మా బిడ్డ ఈఏపీసెట్ మాక్ టెస్టులు రాసేదీ దాని మీదే. ఈమధ్య ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా తెర కదలడం లేదు. కైరుప్పల నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆదోని తీసుకుపోతే దుకాన్‌వాలా తల అడ్డంగా ఊపాడు. "కొత్తది తీసుకో భాయ్, దీనికి పైసలు పెట్టడం ఫుజూల్" అన్నాడు. నా జేబులో ఉన్నవి ఐదు వేలు.

ఇంట్లో మష్వరా మొదలైంది. "అబ్బా, గ్రాఫిక్స్ కార్డ్ డాలేంగే" అని కొడుకు. పరీక్ష మధ్యలో ఆగిపోకుండా ఉంటే చాలని బిడ్డ. అమ్మీ ఒక్కటే అడిగింది: "తేరే అబ్బాకీ ఆవాజ్ ఉసీచ్ మే హై నా?"

అందులోనే ఉంది. ఆఖరి రోజుల్లో అబ్బా తన బచ్‌పన్ నాటి కైరుప్పల గురించి చెప్తుంటే రికార్డు చేశాను. ఉగాది మర్నాడు ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకునే సమరాన్ని మిద్దె మీద నిలబడి చూసిన ముచ్చట కూడా అందులో ఉంది. కొంత భాగం ఇన్‌పేజ్‌లో నస్తాలీఖ్ లిపిలో టైపు చేశాను. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంది గానీ అదీ ఆ కాలందే. ఆ డిస్క్ ఇప్పుడు టిక్ టిక్ అంటోంది. దాని సెహత్ చూపించే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే "జాగ్రత్త" అని పసుపు రంగు చూపించింది. అంటే పళ్లెం మీద కొన్ని చోట్లు చెడిపోయి, డిస్క్ ఆ రాతను వేరే చోటికి మారుస్తోందని అర్థం.

అందుకే కొనడం కన్నా ముందు కాపీ. దోస్త్ దగ్గర ఎక్స్‌టర్నల్ డిస్క్ అడిగి తెచ్చి, మొదట ఆవాజ్ ఫైళ్లు, తర్వాత ఇన్‌పేజ్, తర్వాత నా అను ఫాంట్ల వార్తలు, ఆ వరసలో ఎక్కించాను. సినిమాలు వదిలేశాను.

ఇక జరూరత్ ఏది, షౌక్ ఏది? టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ ఆరామ్‌గా పదిహేను శాతం దగ్గర కూర్చుంది. డిస్క్ మాత్రం నూటికి నూరు. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, సూది ఒక్కో ముక్క కోసం అటూ ఇటూ పరుగెత్తాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. పైగా 4 జీబీ ర్యామ్ నిండితే, మిగిలిందాన్ని కంప్యూటర్ తీసుకెళ్లి ఆ డిస్క్ మీదే పడేస్తుంది. ముసలి గాడిద మీద ఇంకో మూట అన్నమాట!

ప్రాసెసర్ మారుద్దామంటే, కొత్తవి ఈ బోర్డులో కూర్చోవు. బోర్డు మారిస్తే డీడీఆర్3 ర్యామ్ పనికిరాదు. ఒకటి మార్చబోతే మూడు మారాలి, అది కొత్త కంప్యూటరే. గ్రాఫిక్స్ కార్డు సంగతి సరేసరి. మా ఊరి కరెంటుకి, ఈ పాత ఎస్‌ఎంపీఎస్‌కి ఇంకో బరువు నక్కో. కొడుకు రెండు రోజులు మాట్లాడలేదు.

240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, సెకండ్‌హ్యాండ్‌లో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఇంకొకటి, సీఆర్2032 బ్యాటరీ. ఈ చివరిది రూపాయి బిళ్ల సైజుది, చాలా సస్తా. అది ఖతమై గడియారం వెనక్కి పోయింది. తేదీ తప్పైతే బ్యాంకు పేజీలు, పరీక్ష పేజీలు తెరుచుకోవు. ఇన్నాళ్లూ మేము నెట్‌ను తిట్టుకుంటున్నాం. మూత తీస్తే ఫ్యాన్ చుట్టూ ఆదోని పత్తి నూగు, మా ఊరి ఎర్రదుమ్ము కలిసి పరుపులా పేరుకుంది. బ్లోయర్ కొట్టించి, ప్రాసెసర్‌కి కొత్త పేస్ట్ పూయించాను.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగింది. విండోస్ 11 ఎనిమిదో జనరేషన్ కన్నా కిందవాటిని ఒప్పుకోదు. అందుకని ఎస్‌ఎస్‌డీలో రెండు ఇళ్లు కట్టాను: బిడ్డ టెస్టులకీ నా మెయిల్‌కీ లినక్స్ మింట్, ఇన్‌పేజ్ కోసం నెట్ తగలని విండోస్ 10. ఇప్పుడు తెర నిమిషంలోపే వస్తోంది. బిడ్డ టెస్టు మధ్యలో ఆగలేదు.

ఐదు వేలలో కొంచెం మిగిలింది. దాంతో ఇంకో పెన్‌డ్రైవ్ కొని అబ్బా ఆవాజ్ మళ్లీ ఎక్కించి అమ్మీ బీరువాలో పెట్టాను. ఎస్‌ఎస్‌డీ పోతే చెప్పకుండా పోతుంది మరి, టిక్ టిక్ అనదు. ఎస్‌ఎంపీఎస్ వచ్చే నెల. పాత ఇన్‌పేజ్ ఫైళ్లు యూనికోడ్‌లోకి మారిస్తే అక్షరాలు అక్కడక్కడా తారుమారవుతున్నాయి. రోజుకో పేజీ, ఇషా తర్వాత, అబ్బా ఆవాజ్ పెట్టుకుని సరిచేస్తున్నాను. నిన్న పిడకల సమరం దాకా వచ్చాను. అమ్మీ పక్కన కూర్చుని, "యే ఝూట్ హై, ఆ రోజు మిద్దె మీద నేనూ ఉన్నా" అంటోంది.