ముంగిలికి ఏం పరవాలి?

జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళ సొంతిల్లు చాలావరకు రిటైర్మెంటు డబ్బుతోనే లేస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా టాటా కంపెనీ క్వార్టర్లో గడిపినవాళ్ళు కద్మా, సోనారీ, టెల్కో విడిచి మాంగోలోనో ఆదిత్యపూర్‌లోనో పర్సుడీలోనో జాగా కొంటారు. పునాది, స్లాబు, తలుపులు, రంగులు అన్నీ అయ్యాక మిగిలేది ముంగిలి. అప్పటికి చేతిలో డబ్బూ ఉండదు, ఒంట్లో ఓపికా ఉండదు. రాజమిస్త్రీ "ఒక్కరోజులో ఢలాయీ వేసేద్దాం బాబూ" అంటాడు. సరేనంటాం. గోడ నుంచి గోడ దాకా కాంక్రీటు పరుచుకుంటుంది. వంటగది గట్టు రాయికి నెలరోజులు తిరిగినవాళ్ళం, ముంగిలి దగ్గర ఒక్క పూట కూడా ఆలోచించం.

నాకు ఇది చూస్తే బాధగా ఉంటుంది. ఇల్లు మనది, కానీ ముంగిలి మీద పడే వాన ఒక్క మనదే కాదు.

ఇరవై అడుగుల వెడల్పు, పాతిక అడుగుల పొడవున్న ముంగిలి మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 465 లీటర్ల నీళ్ళు. ఈ ఊళ్ళో ఆషాఢ శ్రావణాల్లో ఒక్క జల్లే అంతకు మించి కొడుతుంది. కాంక్రీటు వేసిన ముంగిలి ఆ నీళ్ళన్నిటినీ సందులోకి తోసేస్తుంది. సందు నుంచి పల్లంలో ఉన్న ఇంటి గుమ్మంలోకి. అదే మాంగోలో, బాగ్‌బేడాలో మే నెల వచ్చేసరికి నీళ్ళ కోసం బిందెలు వరుసలో నిలబడతాయి. ఒక్క ముంగిలితో భూగర్భ జలం నిండిపోదు. కానీ పేటంతా గచ్చయిపోతే నింపేదేదీ మిగలదు.

ఈ ఊరు పుట్టినప్పటి ఊహ వేరు. జంషెడ్జీ టాటా 1902లో కొడుకు దొరాబ్‌కి రాసిన ఉత్తరంలో వెడల్పాటి వీధులు, త్వరగా నీడనిచ్చే చెట్లు, పచ్చిక బయళ్ళు, తోటలు కావాలని కోరాడు. సాక్చీ అనే ఊరు 1919లో జంషెడ్‌పూర్ అయింది. ఆ రోజుల్లోనే టెంపుల్ అనే ఇంజనీరు ఊరికి ప్లాను గీశాడు. తర్వాత 1940లలో జర్మన్ ఆర్కిటెక్టు కోనిగ్స్‌బర్గర్ మళ్ళీ గీశాడు. పాత క్వార్టర్ల ముందు ఇప్పటికీ మామిడి, పనస, కరివేపాకు చెట్లున్నాయంటే ఆ ఊహ వల్లనే. అలాంటి నీడలో పెరిగినవాళ్ళమే సొంతింటికి వచ్చేసరికి చెట్టు మొదలు దాకా సిమెంటు పూస్తున్నాం.

అలాగని మట్టిగా వదిలేయమని చెప్పను. అత్తగారి మోకాళ్ళు, పిల్లల స్కూటీ, వానాకాలపు బురద నాకూ తెలుసు. శ్రీకాకుళం వైపు మన పాత లోగిళ్ళలో పేడతో అలికేవారు, దాల్మా కొండల కింది సంతాల్ ఊళ్ళలో ఇప్పటికీ ఎంత అందంగా అలుకుతారో చూడాలి. కానీ రోజూ అలికే చేతులు లేని ఇంట్లో ఆ మాట అనడం న్యాయం కాదు. రాయి వేద్దామంటే, కోటా రాయి మన నాపరాళ్ళకు, షాబాద్ బండలకు అలవాటైన కంటికి దగ్గరగా కనిపిస్తుంది. అయితే నునుపు చేసింది ఆరుబయట వేస్తే శ్రావణానికల్లా పాకుడు పట్టి పెద్దవాళ్ళను పడేస్తుంది. గరుకు రాయే అడగండి.

కాంక్రీటు గచ్చుకి ఇంకో చిక్కుంది. మే నెల ఎండకీ, పుష్యమాసపు తెల్లవారుజాము చలికీ మధ్య పాతిక అడుగుల గచ్చు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. మధ్యలో కోతలు వదలకపోతే తనకు నచ్చినచోట బీటలు వారుతుంది. కింద నీళ్ళ పైపు పగిలితే గచ్చంతా పగలగొట్టాలి.

అందుకే నేను ఇసుక మీద పేర్చే బ్లాకులకే ఓటేస్తాను, కాల్చిన గట్టి ఇటుకైనా సరే. నెదర్లాండ్స్‌లో తరతరాలుగా వీధుల్లో ఇటుకలు ఇలాగే పేరుస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటుకలు చాలక కాంక్రీటు బ్లాకులు మొదలుపెట్టిందీ వాళ్ళే. అదే దేశంలో 2020లో ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్ నగరాలు పెరటి పలకలు ఎవరు ఎక్కువ పీకి మొక్కలు నాటుతారో పందెం వేసుకున్నాయి. పరచడంలో ఆరితేరినవాళ్ళే ఎక్కడ పరచకూడదో ఇప్పుడు నేర్చుకుంటున్నారు. మనం మొదటే కొంత నేల వదిలేస్తే సరిపోతుంది.

బ్లాకు కొనేముందు రంగు కాదు, మందం చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ఉంది. నడకకే అయితే 50 మిల్లీమీటర్లు, కారు ఎక్కితే 60కి తగ్గొద్దు. రెండు బ్లాకులు ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమనాలి. అసలు పని మాత్రం కిందనే ఉంది. మెత్తమట్టి తీసేసి, మొరం పోసి, తడిపి, దిమ్మిసతో పొరపొరగా కుదించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఉక్కు ఊరు కదా, ఎవరో లారీ స్లాగు చవగ్గా తెచ్చి పోస్తానంటారు. ఉక్కు కొలిమి స్లాగులో విడి సున్నం మిగిలి ఉంటుంది. నీరు తగిలితే అది ఉబ్బి పైనున్న పరుపును ఎత్తేస్తుంది. తగినన్నాళ్ళు నానబెట్టి, శుద్ధిచేసి కంపెనీ అమ్మేదైతే వేరు. ఊరూ పేరూ లేని స్లాగు ఇంటికి తేవద్దు.

మొరం మీద ఇసుక ఎలా సర్దుతారో దగ్గర నిలబడి చూడటం నాకు ఇష్టం. పనివాడు రెండు ఇనప పైపులు సమాంతరంగా పడుకోబెట్టి, రసమట్టం చూసి, వాటం సరిచేస్తాడు. మధ్యలో ముతక ఇసుక పోసి, చెక్కపట్టీని ఆ పైపుల మీద ఆనించి తనవైపు లాక్కుంటాడు. అంగుళం పైచిలుకు మందాన ఇసుక దుప్పటిలా పరుచుకుంటుంది. ఇక దాని మీద కాలు పెట్టకూడదు. పేర్చిన బ్లాకుల మీదే కూర్చుని ముందుకు జరుగుతూ రబ్బరు సుత్తితో ఒక్కొక్కటీ తట్టాలి. చేపముల్లు వరసలో పేరిస్తే బండి బరువుకి కదలవు. అంచున కర్బు కట్టకపోతే మాత్రం రెండేళ్ళలో అంతా విచ్చుకుపోతుంది. చివర సందుల్లోకి పొడి ఇసుక ఊడ్చాలి, సిమెంటు పాలు పోయనివ్వకండి. పోస్తే నీరు ఇంకే దారి మూసుకుపోతుంది. సందుల్లో గడ్డి మొలుస్తుంది, నిజమే, చీమలూ ఇసుక తోడతాయి. ఏడాదికోసారి గడ్డి పీకి ఇసుక నింపుకుంటే చాలు.

ముగ్గు మాటో? బ్లాకుల మీద పిండి సందుల్లో పడిపోతుంది. గుమ్మం ముందు నాలుగడుగుల మేర గరుకు రాతి పలక ఒకటి వేయించండి. ఈ ఊళ్ళో టుసు పరబ్ పాటలు వినిపించే సంక్రాంతి పూట, మన ఆడపిల్లలు గొబ్బెమ్మలు పెట్టడానికి అంత చోటు చాలు. తులసికోట చుట్టూ, మామిడి మొదలు చుట్టూ కనీసం మూడడుగులు మట్టిగానే ఉంచండి.

మిస్త్రీతో ముందు వాటం సంగతి తేల్చుకోండి: పదడుగులకు రెండంగుళాలు, అదీ సందు వైపు కాదు, చెట్టు వైపు. జూన్ నడిమికి ఇక్కడ వానలు దిగుతాయి. మార్చిలోనే పని మొదలుపెట్టండి.