సీటు కింద నాలుగు ప్లగ్గులు

అన్నలారా, మొన్న చీనీకాయలేసుకోని పులివెందులకు పోతాంటే, ముద్దనూరు ఎత్తు కాడ నా సెకండ్ హ్యాండ్ పెట్రోల్ ట్రాలీ దడదడ కొట్టుకునింది. ఎంత తొక్కినా లాగదు. ఎట్లనో మార్కెట్ చేరేసరికి వేలం అయిపోయింది. ఒక మెకానిక్‌కు చూపిస్తే ‘ఇంజిన్ దింపాల, ముప్పై వేలు’ అన్నాడు. బండి అమ్మేద్దామనుకున్నా.

మనకందరికీ డీజిల్ బండ్లే అలవాటు. వాటికి స్పార్క్ ప్లగ్గులుండవు, గాలిని నొక్కిన వేడికే డీజిల్ మండుతాది. పెట్రోల్‌కు నిప్పురవ్వ కావాల. కొన్న మూడేండ్లలో నేను ప్లగ్గుల ఊసే ఎత్తలే. తప్పు నాదే.

మర్సటి రోజు ఇంజిన్ చల్లగున్నప్పుడు సీటెత్తి, కాయిల్స్ పీకి, గుంతల్లో దుమ్ము సైకిల్ పంపుతో ఊది (లేకుంటే సిలిండర్లోకి రాలుతాది) నాలుగూ విప్పినా. తక్కినవి లేత గోధుమ రంగులో బాగనే ఉండాయి, కొనలు మాత్రం అరిగినాయి. మూడోది నూనెలో తడిసింది. నూనె కొన మీదుంటే రింగులో, వాల్వ్ సీళ్లో అనుకోవాల. నాది పైన తెల్ల పింగాణీ మీదే ఉండాది. అంటే వాల్వ్ కవర్ రబ్బరు కారుతాంది, అంతే! రబ్బరు, ప్లగ్గులు కలిపి రెండు వేలు దాటలే.

బిగించేటప్పుడు మాత్రం తొందరొద్దు. హెడ్డు అల్యూమినియం. మర అడ్డం పడితే నిజంగానే ఇంజిన్ విప్పాల్సొస్తాది. నేను పాత రబ్బరు పైపు ముక్క ప్లగ్గుకు తొడిగి వేళ్లతో తిప్పినా. మర సరిగా ఎక్కకుంటే పైపే జారుతాది. చివర్లోనే పానా పెట్టినా.

నిన్న అదే ఎత్తు లోడుతో ఎక్కింది. ఆదివారం మూడోదాన్ని ఇంకోసారి విప్పి చూస్తా. తడి ఉంటే మళ్లీ రాస్తా.